పసిపిల్లల్ని వదిలే చోటు: ప్లే స్కూళ్లలో, క్రెష్‌లలో తరచుగా తప్పే నియమాలు

(తల్లిదండ్రులకు, పెద్ద తరగతుల విద్యార్థులకు)

మన బడిలో చదివే చాలామందికి ఇంట్లో బడి ఈడు రాని తమ్ముడో చెల్లెలో ఉంటారు. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో ఆ చిన్నవాళ్లు పగలంతా ప్లే స్కూల్లోనో, ఫ్యాక్టరీ క్రెష్‌లోనో, పక్క వీధిలో ఎవరో ఒకావిడ ఇంట్లోనే నడిపే చోటో గడుపుతారు. చేర్చేటప్పుడు ఫీజు ఎంత, ఇంగ్లీషు చెప్తారా, వ్యాను ఉందా అని అడుగుతాం. లైసెన్సు సంగతి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "ఉందండీ" అనగానే సరే అనుకుని వచ్చేస్తాం.

ఆ మాట సరిపోదు. అధికారి వచ్చి తనిఖీ చేసిన రోజు ఆ చోటు ఎలా ఉందో మాత్రమే లైసెన్సు చెప్తుంది. ఆ తర్వాత పిల్లలు పెరగొచ్చు, ఆయా మానేయొచ్చు, వెనక తలుపుకు తాళం పడొచ్చు. నియమాలు ఎక్కువగా తప్పేది ఇలా రోజువారీ పనిలోనే. వాటిని ముందుగా చూడగలిగేది రోజూ గుమ్మం దాకా వెళ్లే మీరే. ఏవి తరచుగా తప్పుతాయో, నడిపేవాళ్లు ఏం చేయాలో, మీరు ఏం చూడాలో ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

నియమాలు ఎందుకు వచ్చాయి

2004 జూలై 16న కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాల అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్న భోజనం వండే పాక నుంచి మంట లేచింది. పై అంతస్తులో తరగతులకు కప్పుగా వేసిన తాటాకు, పూరి అంటుకుంది. బయటికి రావడానికి దారి ఇరుకు. అక్కడ ఒక్కటి కాదు, చాలా నియమాలు ఒకేసారి తప్పాయి: వంట, తరగతి పక్కపక్కనే ఉన్నాయి, కప్పు మండే సరుకు, గదుల్లో కిక్కిరిసి పిల్లలు, మెట్లు చాలవు. ఆ తర్వాతే తమిళనాడులో బడుల మీద పూరి కప్పులు తీయించారు. ఆ ఘటన మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, చదువుకునే హక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. ప్రతి బడిలో మంటలార్పే సిలిండర్లు ఉండాలని, సిబ్బందికి వాటిని వాడటం నేర్పాలని ఆదేశించింది.

అది పాత కథ అనుకోకండి. 2025 జనవరిలో విళుపురం జిల్లా విక్రవాండిలో ఒక ప్రైవేటు బడి ఆవరణలో సెప్టిక్ ట్యాంకులో పడి ఎల్‌కేజీ పాప చనిపోయింది. ట్యాంకు మీది ఇనుప మూత తుప్పు పట్టి ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో మదురైలో ఒక ప్లే స్కూలు ఆవరణలోని నీటి తొట్టిలో పడి నాలుగేళ్ల పాప పోయింది. మూత ఒకటి సరిగ్గా ఉండుంటే, ఒక మనిషి కన్ను పిల్లల మీద ఉండుంటే ఆ ఇద్దరూ ఇంటికి వచ్చేవారు.

ఏ చోటుకు ఏ నియమం

అన్నిటికీ ఒకే లైసెన్సు ఉండదు. అందుకే అమ్మానాన్నలు తికమక పడతారు.

బడి: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పే చోటుకు 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేకుండా నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పదివేల దాకా పడుతుంది.

ప్లే స్కూలు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, రోజుకు మూడు నాలుగు గంటలే నడపాలని అందులో ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2015లో ప్లే స్కూళ్లకు ప్రత్యేకంగా ఒక నియమావళి తెచ్చింది.

ఫ్యాక్టరీ, ఆఫీసు క్రెష్: ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట క్రెష్ వసతి తప్పనిసరి అయింది. పనిమధ్యలో తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హోసూరు సిప్‌కాట్ లాంటి చోట్ల పనిచేసే తల్లులు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అది కంపెనీ చేసే దయ కాదు, మీ హక్కు.

అంగన్‌వాడీ: మనవాళ్లు బాల్వాడి అని పిలిచేది. ఇది ప్రభుత్వమే నడుపుతుంది.

వీటితో పాటు తమిళనాడులో బడి కట్టడానికి నాలుగు కాగితాలు కావాలి. కట్టడం గట్టిగా ఉందని ఇంజనీరు ఇచ్చే పత్రం, తాసిల్దారు ఇచ్చే భవన లైసెన్సు, అగ్నిమాపక శాఖ పత్రం, ఆరోగ్య శాఖ ఇచ్చే పారిశుధ్య పత్రం. నాలుగింటికీ గడువు తేదీ ఉంటుంది. తరచుగా జరిగే మొదటి తప్పు ఇక్కడే: పత్రం గోడకు వేలాడుతుంది, తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఫ్రేము చూసి వచ్చేయకండి, తేదీ చదవండి.

మైనారిటీ బడికి ఇవన్నీ వర్తిస్తాయా?

ఇది మన వాళ్లు అడిగే ప్రశ్నే. రాజ్యాంగం 30వ అధికరణం భాషా మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కూడా. దీన్ని పట్టుకుని "మనకు రూల్సేం లేవు" అనుకోవడం తప్పు. అగ్ని భద్రత, కట్టడం, పారిశుధ్యం, వాహనాలు, తిండి, పిల్లల మీద లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టం, ఇవన్నీ ప్రతి బడికీ వర్తిస్తాయి. నడుపుకునే హక్కులో సరిగ్గా నడపకపోయే హక్కు లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు మీద అభిప్రాయం చెప్పినప్పుడే తేల్చింది. తెలుగు సంఘం నడిపే బాలవిహార్ అయినా, గుడి పక్కన హాల్లో పెట్టిన ప్లే స్కూలు అయినా పిల్లల ప్రాణం ఒకటే. మనవాళ్లే నడుపుతున్నారు కదా అని అడగడానికి మొహమాటపడకండి.

తరచుగా తప్పేవి

1. పిల్లలు ఎక్కువ, చూసేవాళ్లు తక్కువ

ఇరవై మందికి ఒక టీచరు, ఒక ఆయా అని కాగితం మీద ఉంటుంది. జూన్‌లో అలాగే మొదలవుతుంది. దసరా నాటికి మరో పది మంది చేరతారు, ఆయా ఒకరే మిగులుతుంది. ఇంకో రకం తప్పు కూడా ఉంది. లెక్క రోజు మొత్తానికి సరిపోతుంది గానీ, మధ్యాహ్నం ఆయా అన్నానికి వెళ్లిన అరగంట, సాయంత్రం టీచర్లు వెళ్లిపోయాక మిగిలిన గంట, ఒక్క మనిషి చేతిలో పాతికమంది ఉంటారు. ప్రమాదాలకు అదే సమయం. మూడేళ్లలోపు పిల్లలకు ఇంకా ఎక్కువమంది కావాలి. ఫ్యాక్టరీ క్రెష్‌ల మార్గదర్శకాలు వాళ్లకు పది మందికి ఒకరు అంటాయి.

నడిపేవాళ్లు చేయాల్సింది: ఒకరు సెలవు పెడితే బదులు ఎవరు వస్తారో ముందే రాసుకోవడం. లెక్క దాటితే కొత్త చేరికలు ఆపడం.

మీరు చూడాల్సింది: ఉదయం తొమ్మిదికి కాకుండా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఒకసారి వెళ్లండి. తలలు లెక్కపెట్టండి. పెద్దవాళ్లు ఎంతమందో చూడండి.

2. కన్ను తప్పడం

గదిలో మనిషి ఉండటం వేరు, పిల్లల్ని చూస్తూ ఉండటం వేరు. ఫోను చూసుకుంటూ కూర్చున్న ఆయా లెక్కలో ఉంటుంది, కాపలాలో ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదికి, గదిలోంచి ఆటస్థలానికి, వ్యానులోంచి లోపలికి మారేటప్పుడు ఒకరు తప్పిపోవడం ఎక్కువ. మారిన ప్రతిసారీ పేరు పిలిచి లెక్క చూసుకోవాలి. సీసీటీవీ ఉందని నిశ్చింతగా ఉండకండి. కెమెరా పడిపోయిన బిడ్డను ఎత్తుకోదు.

3. తొట్టి, సంపు, బకెట్టు

మన ఊళ్లలో ప్రతి ఇంటి ముందూ నేలలో సంపు ఉంటుంది. ఇల్లు అద్దెకు తీసుకుని ప్లే స్కూలు పెడితే ఆ సంపు పిల్లలు ఆడే చోటనే ఉంటుంది. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీసి, మళ్లీ సరిగ్గా వేయకుండా వదిలేస్తారు. సెప్టిక్ ట్యాంకు మూతలు తుప్పు పడతాయి, పైన మట్టి కప్పి ఉంటే కనపడవు కూడా. నడక నేర్చే బిడ్డ బకెట్టులో తల దూర్చి బోర్లా పడితే, జానెడు నీళ్లున్నా ప్రాణం పోతుంది.

చేయాల్సింది: సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు బరువైన మూత, తాళం, చుట్టూ కంచె. వాడాక బకెట్లు బోర్లించడం.

చూడాల్సింది: "సంపు ఎక్కడుందమ్మా?" అని సూటిగా అడగండి. మూత మీద మీరే ఒక కాలు మోపి చూడండి. పక్క ఖాళీ స్థలంలో బావి ఉందా, గోడ ఉందా కూడా చూడండి.

4. బయటికి దారి, మంట

పండగ సరుకు, పాత బల్లలు, కుర్చీలు వెనక తలుపు దగ్గర పేర్చేస్తారు. పిల్లలు బయటికి పరిగెత్తుతారని ముందు తలుపుకు తాళం వేస్తారు, తాళంచెవి మేడమ్ బ్యాగులో ఉంటుంది. రెండూ తప్పే. పిల్లలకు అందకుండా, పెద్దవాళ్లు ఒక్క చేత్తో తీసేలా గడియ పైన ఉండాలి. వంటగ్యాసు సిలిండరు పిల్లల గదికి దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి. మంటలార్పే సిలిండరు మీద చిన్న గడియారం లాంటిది ఉంటుంది. ముల్లు పచ్చ గీతలో ఉంటే పనిచేస్తుంది, ఎర్రలోకి పోతే నింపించాలి. అట్ట మీద నింపిన తేదీ కూడా ఉంటుంది.

యానివర్సరీ పందిళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 1995 డిసెంబరులో హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవంలో పందిరి అంటుకుని నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. షామియానా వేసినప్పుడు కనీసం రెండు వైపుల దారి వదలాలి. వైర్లు గుడ్డకు తగలకూడదు.

5. మందులు, రసాయనాలు

ఫినాయిలు, యాసిడ్, ఎలుకల మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి బాత్రూమ్‌లో కింద పెట్టడం అన్నిచోట్లా కనిపిస్తుంది. అవి అసలు డబ్బాలోనే, తాళం వేసిన అలమరలో, పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. జ్వరం మందు విషయంలో తప్పు ఇంటి నుంచే మొదలవుతుంది. "ఒంటిగంటకు ఒక మూత పోయండి" అని సీసా ఇచ్చేసి వెళ్లిపోతాం. ఏ మందు, ఎన్ని ఎం.ఎల్., ఎప్పుడు, ఇంట్లో చివరిసారి ఎప్పుడు పోశారు, ఇవి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వాళ్లు పోసిన టైము రాసి తిరిగి ఇవ్వాలి. రాయకపోతే రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

6. తిండి, నీళ్లు, చేతులు

డైపరు మార్చిన చేత్తోనే బిస్కెట్టు ఇవ్వడం, ఒకే గ్లాసుతో అందరికీ నీళ్లు, ఒకే తువ్వాలుతో అందరి మూతులు తుడవడం, వీటివల్లనే ఒకరికి వచ్చిన విరేచనాలు వారంలో అందరికీ వస్తాయి. డైపరు మార్చే చోటు, తిండి పెట్టే చోటు వేరుగా ఉండాలి. పంపు దగ్గర సబ్బు ఉందో లేదో చూడండి. వేరుశనక్కాయ, గుడ్డు, పాలు లాంటివి పడని బిడ్డ ఉంటే ఆ పేరు వంటగదిలో గోడ మీద ఉండాలి. మూడేళ్లలోపు వాళ్లకు గట్టి వేరుశనగలు, గుండ్రని ద్రాక్షపళ్లు అలాగే పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. బడే తిండి వండి పెడితే ఆహార భద్రత శాఖ దగ్గర నమోదు కావాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర మరీ ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు చెప్తున్నాయి.

7. నిద్ర

ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కన దిండ్లు, మందపాటి దుప్పట్లు, బొమ్మలు వద్దు. నోట్లో పాలసీసా పెట్టి వదిలేయకూడదు. చీర ఉయ్యాల మనకు అలవాటే, కానీ మనిషి పక్కన లేనప్పుడు బిడ్డ అందులో చిక్కుకుంటుంది. పడుకున్నారు కదా అని గది తలుపేసి ఆయా వెళ్లిపోవడం తప్పు. నిద్ర గదిలో కూడా ఒకరు మేలుకుని ఉండాలి.

8. ఎవరు పని చేస్తున్నారు, ఎవరు తీసుకెళ్తున్నారు

కొత్తగా చేరిన డ్రైవరు, వాచ్‌మన్, ఆయా గురించి పోలీసు వెరిఫికేషన్ చేయించకుండానే పనిలో పెట్టుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. "తెలిసినవాళ్ల మనిషే" అనేది వెరిఫికేషన్ కాదు. బిడ్డను తీసుకెళ్లే విషయంలో కూడా అంతే. ఎవరికి ఇవ్వొచ్చో మీరు రాసిచ్చిన జాబితాలో లేని మనిషికి బిడ్డను ఇవ్వకూడదు. మేనమామే వచ్చినా సరే, జాబితాలో పేరు లేకపోతే మీకు ఫోన్ చేసి అడగాలి. అలా ఆపినందుకు వాళ్ల మీద కోప్పడకండి, మెచ్చుకోండి.

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెప్తుంది. సంస్థ పేరు చెడుతుందని దాచిపెట్టిన అధిపతికి ఏడాది దాకా జైలు పడొచ్చు. కొట్టడం, చీకటి గదిలో పెట్టడం, తిండి ఆపడం లాంటివి ఏ పేరుతో చేసినా నేరమే.

9. వ్యాను, ఆటో

2012 జూలైలో చెన్నై తాంబరం దగ్గర బడి బస్సు నేలలోని కంతలోంచి జారిపడి రెండో తరగతి పాప చనిపోయింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం బడి బస్సులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అంతకు ముందే, 1997లో, సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో బడి బస్సులకు కొన్ని షరతులు పెట్టింది: గంటకు 40 కిలోమీటర్లు దాటకుండా వేగానికి కట్టడి, మూసుకునే తలుపులు, లోపల ఒక సహాయకుడు, బరువు బండ్లు నడిపిన అనుభవం కనీసం ఐదేళ్లు ఉన్న డ్రైవరు.

ఇవన్నీ ఉన్నా చివరి తప్పు ఒకటి మిగులుతుంది. పిల్లలు దిగాక వెనక సీటులో ఎవరైనా నిద్రపోతున్నారేమో చూడకుండా బండి తాళం వేయడం. ఎండలో మూసిన బండిలో పసిబిడ్డ కొద్దిసేపటికే ప్రాణాపాయంలో పడుతుంది. ప్రతి ట్రిప్పు చివర డ్రైవరు వెనక సీటు దాకా నడిచి చూసి రావాలి.

10. బిడ్డ మాట ఆయాకు అర్థం కాకపోవడం

దీన్ని ఏ నియమావళీ ఇంత వివరంగా చెప్పదు, కానీ మన ఇళ్లలో ఇది అసలు సమస్య. రెండున్నరేళ్ల బిడ్డకు ఇంట్లో విన్న తెలుగే వస్తుంది. ఆయాకు తమిళమో కన్నడమో వస్తుంది. బిడ్డ "నొప్పి" అంటే ఆమెకు తెలియదు, ఆమె "ఎంగే వలిక్కుదు?" అంటే బిడ్డకు తెలియదు. దాహమైనా, దెబ్బ తగిలినా, ఎవరైనా ఏమైనా చేసినా బిడ్డ చెప్పలేదు.

అందుకని ఒక అట్ట కార్డు రాయండి. ఒక వైపు మీ బిడ్డ ఇంట్లో వాడే పది మాటలు, ఎదురుగా తమిళంలో వాటి అర్థం. నీళ్లకు తణ్ణి, ఆకలికి పసి, నొప్పికి వలి, ఇంకా ఒంటేలుకు, రెండుకు మీ ఇంట్లో ఏమంటారో అది. రెండో వైపు రక్తం గ్రూపు, పడని తిండి, మందు, మీ ఇద్దరి ఫోన్లు, దగ్గరలోని ఇంకొకరి ఫోను. ఈ కార్డు బ్యాగులో ఒకటి, ఆయా దగ్గర ఒకటి. ఇంట్లో బిడ్డకు కూడా ఆ నాలుగు తమిళ మాటలు ఆటగా నేర్పండి. తెలుగు పోతుందని భయం వద్దు, "వలిక్కుదు" అనడం వచ్చిన బిడ్డ భద్రంగా ఉంటుంది.

మన వల్ల తప్పే నియమాలు

అన్నీ నడిపేవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. ఎనిమిదిన్నరకు తెరిచే చోట ఎనిమిదికే బిడ్డను గుమ్మంలో వదిలి వెళ్తాం, లోపల ఒక్క ఊడ్చే ఆమె ఉంటుంది. ఐదింటికి రావాల్సినవాళ్లం ఆరున్నరకు వస్తాం, అంతసేపు ఒక్కరే కాపలా. జ్వరం ఉన్న బిడ్డకు మందు పోసి పంపేస్తాం, మధ్యాహ్నానికి పక్క పిల్లలకూ అంటుకుంటుంది. ఫోను నంబరు మార్చి చెప్పం. వ్యాను ఫీజు రెండొందలు తగ్గించమని పట్టుబడతాం, ఆయన ఆ రెండొందలకు బదులు ఇంకో ఇద్దరు పిల్లల్ని కుక్కుతాడు. నియమం ప్రకారం మనుషుల్ని పెట్టాలంటే జీతాలు ఇవ్వాలి. మరీ తక్కువ ఫీజు చెప్పే చోట, ఆ తగ్గింపు ఎక్కడ నుంచి వచ్చిందో అడగండి.

విద్యార్థులకు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చాలామంది సాయంత్రం చెల్లినో తమ్ముడినో తీసుకెళ్తారు. మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి.

తీసుకెళ్లేటప్పుడు రిజిస్టరులో టైము రాసి సంతకం పెట్టండి. మీ పేరు జాబితాలో ఉందో లేదో అమ్మను అడిగి చూసుకోండి. స్నేహితుణ్ణి పంపకండి.

బడిలో మాక్ డ్రిల్లు పెట్టినప్పుడు నవ్వుతూ తిరగకండి. ఏ మెట్ల మీదుగా దిగాలో, ఎక్కడ నిలబడాలో ఆ రోజే తెలుస్తుంది. మెట్ల మీద బ్యాగులు పెట్టకండి.

చిన్నవాళ్లు మీకు చెప్పే మాటలు వినండి. "ఆ అంకుల్ దగ్గరకు పోను" అని చెల్లి ఏడిస్తే కొట్టిపారేయకుండా అమ్మకో, టీచరుకో చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, డబ్బులు పడవు.

తప్పు కనిపిస్తే ఏం చేయాలి

మొదట నడిపేవాళ్లతో నెమ్మదిగా, సూటిగా మాట్లాడండి. "సంపు మూతకు తాళం లేదు, ఎప్పటికి వేయిస్తారు?" అని తేదీ అడగండి. చాలావరకు ఇక్కడే సరిపోతుంది. తేదీ దాటితే ఉత్తరం రాసి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. మరో నలుగురు తల్లిదండ్రులు సంతకం పెడితే ఇంకా మంచిది. ఫోటో తీస్తే మూతను, తలుపును తీయండి, వేరే వాళ్ల పిల్లల మొహాలు పడకుండా చూసుకోండి.

అప్పటికీ కదలకపోతే విద్యాశాఖకు చెప్పండి. తమిళనాడు విద్యాశాఖ సహాయ నంబరు 14417. మంట భయం ఉన్న విషయమైతే దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి, బండి విషయమైతే ఆర్టీవో ఆఫీసుకు చెప్పొచ్చు.

ఒకటి మాత్రం ఆగకండి. మూత లేని తొట్టి, తాళం వేసిన ఒక్కగానొక్క దారి, బిడ్డ ఒంటి మీద చెప్పలేని దెబ్బ, ఇలాంటివి కనిపిస్తే ఉత్తరాల దాకా పోనవసరం లేదు. ఆ రోజే బిడ్డను ఇంటికి తీసుకెళ్లండి, ఆ తర్వాత మాట్లాడండి. దెబ్బ విషయమైతే 1098కో, 112కో అప్పుడే చెప్పండి.

చేర్చే ముందు అడగాల్సిన ఏడు ప్రశ్నలు

కాగితం మీద రాసుకుని వెళ్లండి.

గుర్తింపు, నాలుగు పత్రాలు చూపిస్తారా? గడువు ఎప్పటిదాకా?

నా బిడ్డ గదిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్లు? మధ్యాహ్నం కూడా అంతేనా?

సంపు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ?

బయటికి రెండో దారి ఏది? ఒకసారి తీసి చూపిస్తారా?

పనిచేసేవాళ్లందరికీ పోలీసు వెరిఫికేషన్ అయిందా?

బిడ్డకు దెబ్బ తగిలితే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?

చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా?

చివరి ప్రశ్నకు "రాకూడదు" అన్నారంటే మిగతా ఆరింటికి జవాబు ఎంత బాగున్నా ఆ చోటు వద్దు. మంచిగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. తలుపు తీసి, లోపలికి రమ్మని, తామే తిప్పి చూపిస్తారు.